యుద్ధం ప్రభుత్వానిది, సర్వర్లు కంపెనీలవి

2023 డిసెంబర్ 12 ఉదయం ఉక్రెయిన్‌లో సగానికి పైగా జనం ఫోన్లు పనిచేయడం మానేశాయి. కీవ్‌స్టార్ ఆ దేశంలో అతి పెద్ద మొబైల్ కంపెనీ. దానికి దాదాపు 2 కోట్ల 40 లక్షల మంది కస్టమర్లు. ఆ రోజు వాళ్లకు కాల్ కలవలేదు, నెట్ రాలేదు. సుమీలో వైమానిక దాడి హెచ్చరిక వ్యవస్థ కొంతసేపు ఆగిపోయింది. ల్వీవ్ నగరంలో వీధి దీపాలను ఆన్, ఆఫ్ చేసేది కీవ్‌స్టార్ నెట్‌వర్క్ ద్వారానే. తెల్లారినా దీపాలు ఆరకపోవడంతో మున్సిపల్ సిబ్బంది తిరిగి చేత్తో ఆపాల్సి వచ్చింది. కొన్ని ఏటీఎంలు, దుకాణాల్లోని కార్డు మెషీన్లు మొరాయించాయి. ఇదంతా క్షిపణి పడి జరిగింది కాదు, ఒక్క టవర్ కూడా కూలలేదు.

ఉక్రెయిన్ భద్రతా సంస్థ ఎస్‌బీయూలో సైబర్ విభాగం అధిపతిగా ఉన్న ఇలియా వితియుక్ తర్వాత రాయిటర్స్‌కు చెప్పిన వివరాలు వింటే భయమేస్తుంది. హ్యాకర్లు కనీసం మే నెల నుంచే కంపెనీ నెట్‌వర్క్ లోపల ఉన్నారు. నెలల తరబడి అందులో తిరిగి, ఏది ఎక్కడుందో చూసుకుని, చివరికి ఒక్క రోజులో వేల వర్చువల్ సర్వర్లను, కంప్యూటర్లను తుడిచేశారు. దీని వెనక రష్యా సైనిక నిఘా సంస్థకు చెందిన శాండ్‌వర్మ్ బృందం ఉందని ఆయన అన్నారు. సేవలన్నీ మళ్లీ గాడిన పడేసరికి డిసెంబర్ 20 వచ్చింది.

కీవ్‌స్టార్ ప్రభుత్వ సంస్థ కాదు. అమెరికా నాస్‌డాక్‌లో లిస్టయిన వియాన్ అనే బహుళజాతి టెలికాం గ్రూపుది. అంటే ఒక దేశం ప్రాణాలొడ్డి యుద్ధం చేస్తుంటే, ఆ దేశ ప్రజలకు సైరన్ వినిపించాలా వద్దా అన్నది ఒక ప్రైవేటు కంపెనీ సర్వర్ గదిలో తేలింది. సరిహద్దులో ట్యాంకు కనిపిస్తే ఎవరు కాల్చాలో అందరికీ తెలుసు. ప్రైవేటు కంపెనీ సర్వర్‌లో శత్రువు కనిపిస్తే ఎవరు తరమాలి? ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? లోపలికి వెళ్లి చూడటానికి సైన్యానికి అధికారం ఉందా? కంపెనీ వద్దంటే? ఈ చిక్కుముడిని ఉక్రెయిన్ అనుభవం విప్పినంతగా మరేదీ విప్పలేదు. అయితే అది విప్పింది కొంతే. మిగిలిన ముడులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆరేళ్ల ముందు నుంచీ

2022 ఫిబ్రవరిలో ప్రపంచ టెక్ కంపెనీలన్నీ ఒక్కసారిగా ఉక్రెయిన్‌కు అండగా నిలబడ్డాయని చాలామంది అనుకుంటారు. ఆ స్నేహం రాత్రికి రాత్రి పుట్టలేదు. దాని వెనక చాలా దెబ్బలున్నాయి.

2015 డిసెంబర్ 23న ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ ప్రాంతపు విద్యుత్ పంపిణీ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్లు కూర్చుని ఉండగానే స్క్రీన్ మీద మౌస్ బాణం తనంతట తాను కదిలింది. ఒక్కో సబ్‌స్టేషన్ బ్రేకర్ దగ్గరికి వెళ్లి దాన్ని తెరిచి కరెంటు ఆపడం మొదలుపెట్టింది. ఆపరేటర్ మౌస్ పట్టుకున్నా లాభం లేకపోయింది. మూడు పంపిణీ కంపెనీల మీద ఒకేసారి జరిగిన ఆ దాడిలో దాదాపు 2 లక్షల 25 వేల కనెక్షన్లకు కరెంటు పోయింది. సైబర్ దాడితో కరెంటు తీసేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేసి కొన్ని గంటల్లో కరెంటు తెచ్చారు. ఏడాది తిరగకుండానే, 2016 డిసెంబర్‌లో, రాజధాని కీవ్ మీద ఇండస్ట్రాయర్ అనే ఇంకా ఘటికుడైన మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) పడింది.

2017 జూన్ 27న వచ్చిన నాట్‌పెట్యా వీటన్నిటినీ మించిపోయింది. ఉక్రెయిన్‌లో వ్యాపారులు పన్ను లెక్కలు దాఖలు చేయడానికి ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. దాన్ని తయారు చేసేది ఒక చిన్న కంపెనీ. హ్యాకర్లు ఆ కంపెనీ అప్‌డేట్ సర్వర్‌లో దూరారు. మామూలుగా వచ్చే అప్‌డేట్ లాగానే విషం వేల కంప్యూటర్లలోకి వెళ్లింది. అక్కడితో ఆగక దేశాలు దాటింది. డెన్మార్క్ షిప్పింగ్ దిగ్గజం మేర్స్క్ 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటినుంచి సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. మన ముంబయి దగ్గర న్హావా షేవాలోని జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో మేర్స్క్ గ్రూపు నడిపే టెర్మినల్ కూడా స్తంభించింది. కీవ్‌లో పన్ను సాఫ్ట్‌వేర్‌కు పట్టిన చీడ న్హావా షేవాలో కంటైనర్లను ఆపేసింది. మొత్తం నష్టం 1,000 కోట్ల డాలర్లకు పైనే అని అప్పట్లో వైట్‌హౌస్ అంచనా వేసింది.

ఈ దాడులు ఆపడానికి, పరిశోధించడానికి వచ్చిన వాళ్లలో స్లొవేకియాకు చెందిన యాంటీవైరస్ కంపెనీ ఈసెట్, నెట్‌వర్క్ పరికరాలు తయారు చేసే సిస్కోలోని టాలోస్ పరిశోధన బృందం, మైక్రోసాఫ్ట్ నిపుణులు ఉన్నారు. ఉక్రెయిన్ సైబర్ అత్యవసర బృందం సెర్ట్-యూఏలో పనిచేసే వాళ్లు, ఈ కంపెనీల ఇంజనీర్లు ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంచుకునే స్థాయికి వచ్చారు. నా ఉద్దేశంలో 2022లో ఉక్రెయిన్‌ను కాపాడిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఈ పరిచయమే. అర్ధరాత్రి ఒక అనుమానాస్పద ఫైలు దొరికితే దాన్ని ఎవరికి పంపాలి, పంపితే వాళ్లు నమ్మకంగా ఉంటారా లేదా అనే విషయాలు బాంబులు పడుతున్నప్పుడు తేల్చుకునేవి కావు.

కంపెనీలకే ముందు ఎందుకు కనిపిస్తుంది?

రష్యా దండెత్తడానికి ముందురోజు, ఫిబ్రవరి 23 సాయంత్రం, ఉక్రెయిన్‌లోని వందల కంప్యూటర్లలో హెర్మెటిక్‌వైపర్ అనే మాల్‌వేర్ పనిచేయడం మొదలుపెట్టిందని ఈసెట్ గుర్తించింది. మైక్రోసాఫ్ట్ దాన్నే ఫాక్స్‌బ్లేడ్ అని పిలిచింది. అది పట్టుబడిన మూడు గంటల్లోపే మైక్రోసాఫ్ట్ తన డిఫెండర్ యాంటీవైరస్‌కు దాని గుర్తులు చేర్చింది. ఉక్రెయిన్ ప్రభుత్వానికి సమాచారం ఇచ్చింది, అమెరికా ప్రభుత్వానికీ చెప్పింది.

వైపర్ అంటే ఏమిటో ఇక్కడ ఒక మాట. రాన్సమ్‌వేర్ తాళం వేసి డబ్బులడిగే దొంగ లాంటిదైతే, వైపర్ ఇల్లు తగలబెట్టి పోయేవాడి లాంటిది. దానికి డబ్బు అక్కర్లేదు. డిస్క్ మొదట్లో ఉండే కీలక సమాచారాన్ని చెరిపేసి, కంప్యూటర్ మళ్లీ లేవకుండా చేయడమే దాని పని. యుద్ధంలో వాడేది ఎక్కువగా దీన్నే. బ్యాకప్ లేకపోతే బేరానికి కూడా ఎవరూ ఉండరు.

అసలు ఒక దేశం మీద జరిగే దాడి ఆ దేశ సైన్యం కంటే అమెరికాలోని ఒక కంపెనీకి ముందు ఎలా తెలుస్తుంది? సమాధానం మన కళ్ల ముందే ఉంది. మంత్రిత్వ శాఖలో గుమాస్తా ముందున్న కంప్యూటర్‌లో విండోస్ ఉంటుంది. అందులోని యాంటీవైరస్ ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడిచింది, ఏ ఫైలు మార్చింది అనే వివరాలను తయారీదారుకు పంపుతూ ఉంటుంది. కోట్ల కంప్యూటర్ల నుంచి ఇలాంటి వివరాలు వచ్చేచోట కొత్తగా ఒక వింత కనిపిస్తే వెంటనే తెలిసిపోతుంది. ఏ ప్రభుత్వ సంస్థకూ ఇంత విస్తృతమైన చూపు లేదు. మరోవైపు, శత్రువు ఉద్దేశం ఏమిటి, ఫలానా సబ్‌స్టేషన్‌కే ఎందుకు గురిపెట్టాడు, రేపు ఏ నగరం మీద దాడి జరగబోతోంది అనేవి కంపెనీకి తెలియవు. అవి నిఘా సంస్థలకు తెలుస్తాయి. ఆ రెండు సగాలూ ఒకచోటికి రాకపోతే రెండూ వృథా.

ఇవి ఒకచోటికి వస్తే ఏమవుతుందో 2022 ఏప్రిల్‌లో కనిపించింది. 2016లో కీవ్ మీద వాడిన ఇండస్ట్రాయర్‌కు కొత్త రూపాన్ని తయారు చేసి, ఏప్రిల్ 8 సాయంత్రం ఒక విద్యుత్ సంస్థ హై వోల్టేజి సబ్‌స్టేషన్లను ఆపేసేలా టైమ్ పెట్టి ఉంచారు. సెర్ట్-యూఏ, ఈసెట్ కలిసి దాన్ని పసిగట్టి ఆపాయి. అది ఫలించి ఉంటే దాదాపు 20 లక్షల మందికి కరెంటు పోయేదని ఉక్రెయిన్ అధికారులు చెప్పారు.

దేశం రికార్డులు పెట్టెల్లో సరిహద్దు దాటాయి

యుద్ధానికి ముందు ఉక్రెయిన్ చట్టం ప్రకారం కొన్ని రకాల ప్రభుత్వ సమాచారాన్ని దేశంలోని సర్వర్లలోనే ఉంచాలి. శాంతికాలంలో అది సబబైన నియమమే. మన పౌరుల వివరాలు మన గడ్డ మీదే ఉండాలని ఏ దేశమైనా అనుకుంటుంది. అయితే క్షిపణులు వచ్చినప్పుడు అదే నియమం ఉరితాడవుతుంది. 2022 ఫిబ్రవరి 17న ఉక్రెయిన్ పార్లమెంటు చట్టాన్ని సవరించి ప్రభుత్వ సమాచారాన్ని క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్ ద్వారా అందే కంపెనీల సర్వర్లలోకి, తరలించడానికి వీలు కల్పించింది. దండయాత్ర మొదలైంది 24న. మధ్యలో ఉన్నది సరిగ్గా వారం.

24వ తేదీనే లండన్‌లోని ఉక్రెయిన్ రాయబార కార్యాలయంలో అమెజాన్ క్లౌడ్ విభాగం అమెజాన్ వెబ్ సర్వీసెస్ ప్రతినిధి రాయబారితో కూర్చుని ఏ రికార్డులు ముందు బయటికి తేవాలో కాగితం మీద జాబితా రాసుకున్నారు. జనాభా రిజిస్టరు, భూముల రికార్డులు, పన్నుల వివరాలు, చదువుల సర్టిఫికెట్లు. ఇంటర్నెట్‌లో పంపితే నెలలు పట్టేంత సమాచారం అది. అందుకని సూట్‌కేసు సైజులో ఉండే స్నోబాల్ అనే స్టోరేజి పెట్టెలను పోలండ్ మీదుగా ఉక్రెయిన్‌కు పంపారు. అక్కడ సమాచారం నింపి, మళ్లీ సరిహద్దు దాటించి క్లౌడ్‌లోకి ఎక్కించారు. ఆ ఏడాది చివరికి ఇలా తరలిన సమాచారం 10 పెటాబైట్లు, అంటే కోటి గిగాబైట్లు. దేశంలో అతి పెద్ద బ్యాంకు ప్రివాట్‌బ్యాంక్ 45 రోజుల్లోపే 270 అప్లికేషన్లను, 4 పెటాబైట్ల సమాచారాన్ని క్లౌడ్‌కు మార్చుకుంది.

ఇది ఎంత అవసరమైన పనో చెప్పడానికి వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు. యుద్ధం తొలిరోజుల్లోనే ఒక ప్రభుత్వ డేటా సెంటర్ మీద రష్యా క్షిపణి పడిందని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ నివేదికలో రాసింది. భూమి పట్టా తగలబడిపోతే యుద్ధం అయ్యాక ఇంటికి తిరిగొచ్చిన కుటుంబం ఈ ఇల్లు మాదే అని దేనితో నిరూపించుకుంటుంది? ఒక్క రికార్డు కోసం పడే తిప్పలు మన ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా అర్థమవుతాయి.

ఎస్తోనియా ఈ ఆలోచన ఇంకా ముందే చేసింది. 2007లో తన ప్రభుత్వ వెబ్‌సైట్లు, బ్యాంకులు, పత్రికల మీద వారాల తరబడి సైబర్ దాడులు జరిగాక, ఆ చిన్న దేశం కీలక రికార్డుల నకళ్లను లక్సెంబర్గ్‌లో ఉంచడానికి 2017లో ఒప్పందం చేసుకుంది. ఆ సర్వర్లకు రాయబార కార్యాలయానికి ఉండేలాంటి రక్షణ ఉంటుంది. వాటిని డేటా ఎంబసీ అంటారు. ఎస్తోనియాలోనే ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే ఐటీ నిపుణులు స్వచ్ఛంద రక్షణ దళంలోని సైబర్ విభాగంలో సభ్యులుగా చేరి, అవసరమైనప్పుడు ప్రభుత్వం కోసం పనిచేసే ఏర్పాటు కూడా ఉంది.

ఒక స్విచ్ కథ

ఇలాంటి సహకారం అంటే పెద్ద పెద్ద నాయకుల ప్రకటనలే గుర్తొస్తాయి. నాకు బాగా నచ్చిన ఉదాహరణ అంతగా ఎవరికీ తెలియనిది.

ఉక్రెయిన్ విద్యుత్ గ్రిడ్‌లో ఒక వింత సమస్య వచ్చింది. హై వోల్టేజి సబ్‌స్టేషన్లలో కరెంటు, వోల్టేజి కొలిచే పరికరాలు ప్రతి కొలతకూ ఖచ్చితమైన టైమ్ ముద్ర వేస్తాయి. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు సబ్‌స్టేషన్లు ఒకే క్షణంలో ఏ స్థితిలో ఉన్నాయో పోల్చి చూస్తేనే గ్రిడ్ ఆపరేటర్‌కు కరెంటు ఎటు పారుతోందో తెలుస్తుంది. ఆ టైమ్ వచ్చేది జీపీఎస్ ఉపగ్రహాల నుంచి. యుద్ధంలో డ్రోన్లు, క్షిపణులు కూడా జీపీఎస్‌తోనే దారి పట్టుకుంటాయి కాబట్టి వాటిని తప్పుదారి పట్టించడానికి జీపీఎస్ సిగ్నల్‌ను జామ్ చేస్తారు. అలా జామ్ అయినప్పుడల్లా సబ్‌స్టేషన్ల గడియారాలు కూడా దారి తప్పాయి. గ్రిడ్ ఆపరేటర్‌కు ముందున్న చిత్రం మసకబారింది. అసలే రష్యా క్షిపణులు ట్రాన్స్‌ఫార్మర్లను ఒక్కొక్కటిగా కొడుతున్న సమయం అది. లోడ్ ఎటు మళ్లించాలో సెకన్లలో తేల్చుకోవాలి.

సిస్కో టాలోస్ నిపుణుడు ఒకరు ఉక్రెయిన్ వాళ్ల నోట ఈ బాధ విని, తన కంపెనీలో ఇంజనీర్లను పోగుచేశాడు. సబ్‌స్టేషన్లలో పరికరాలను నెట్‌వర్క్‌కు కలిపే ఇండస్ట్రియల్ ఈథర్‌నెట్ స్విచ్ అనే పెట్టెలో మార్పులు చేసి, జీపీఎస్ పోయినా సొంత గడియారంతో టైమ్ పట్టి ఉంచేలా తయారు చేశారు. 2023లో వాటిని ఉక్రెయిన్‌కు పంపి బిగించారు. ఇది మామూలు అర్థంలో సైబర్ దాడి కూడా కాదు. మాల్‌వేర్ లేదు, హ్యాకర్ లేడు. ఇలాంటి సమస్యను ఏ టెండరులో రాస్తారు? ఏ శాఖ ఫైలు కదుపుతుంది? గ్రిడ్‌లో పనిచేసే మనిషికి, ఆ పెట్టెను తయారు చేసే మనిషికి మధ్య నేరుగా మాట ఉండబట్టే ఇది తేలింది.

దయ మీద ఆధారపడిన రక్షణ

ఇంతవరకు చెప్పింది విని ఇక అంతా బాగుందనుకోకూడదు. పైన చెప్పిన సాయంలో చాలా భాగం ఉచితంగా, కంపెనీల ఇష్టప్రకారం జరిగింది. మైక్రోసాఫ్ట్ ఒక్కటే, 2023లో ఇవ్వబోయేదానితో కలిపి, తన సాయం విలువ 40 కోట్ల డాలర్లు దాటుతుందని 2022 నవంబర్‌లో ప్రకటించింది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఇష్టంతో చేసేది ఇష్టం లేనప్పుడు ఆగుతుంది.

ఎలాన్ మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ నడిపే ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ విషయంలో ఇది స్పష్టంగా బయటపడింది. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యన్ హ్యాకర్లు వయాశాట్ కంపెనీ కేఏ-శాట్ ఉపగ్రహ నెట్‌వర్క్‌లోని వేల మోడెమ్‌లను పనికిరాకుండా చేశారు. ఉక్రెయిన్ సైన్యం కూడా ఆ నెట్‌వర్క్ మీద ఆధారపడింది. దెబ్బ ఎంత దూరం తగిలిందంటే జర్మనీలో 5,800 గాలిమరలను దూరం నుంచి గమనించే వీలు పోయింది. 26న ఉక్రెయిన్ డిజిటల్ మంత్రి మిఖైలో ఫెదొరోవ్ ట్విటర్‌లో ఎలాన్ మస్క్‌ను సాయం అడిగారు. గంటల్లో సేవ మొదలైంది, 28న టెర్మినల్స్ లారీలో దిగాయి. ఒక మంత్రి ట్వీట్‌తో ఒక దేశానికి ఉపగ్రహ ఇంటర్నెట్ రావడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో స్పేస్ఎక్స్ ఈ ఖర్చు ఇక మోయలేమని, మీరే భరించాలని పెంటగాన్‌కు ఉత్తరం రాసింది. అక్టోబర్‌లో ఆ వార్త బయటికి వచ్చాక మస్క్ మళ్లీ ఉచితంగానే కొనసాగిస్తానన్నారు. మధ్యలో ఆ కొద్ది రోజులు కందకాల్లో ఉన్న సైనికులకు ఎంత టెన్షన్ అయి ఉంటుందో ఊహించుకోవచ్చు. క్రిమియాలోని సెవస్తోపోల్ వరకు స్టార్‌లింక్ ఆన్ చేయాలని తనకు అత్యవసర విన్నపం వచ్చిందనీ, ఒప్పుకుంటే తన కంపెనీ పెద్ద యుద్ధ చర్యలో నేరుగా భాగస్వామి అవుతుందని కాదన్నాననీ 2023 సెప్టెంబర్‌లో మస్క్ స్వయంగా చెప్పారు. ఆయన నిర్ణయం తప్పా ఒప్పా అన్నది పక్కన పెడదాం. యుద్ధరంగంలో ఏ ప్రాంతం వరకు సంకేతం వెళ్లాలన్నది ఎన్నికైన ఏ ప్రభుత్వమూ కాక ఒక వ్యాపారి తేల్చడం నాకు మింగుడుపడదు. పెంటగాన్ స్పేస్ఎక్స్‌తో ఉక్రెయిన్ కోసం డబ్బిచ్చి ఒప్పందం చేసుకున్నది 2023 జూన్‌లో. అంటే అప్పటిదాకా, దాదాపు పదిహేను నెలలు, ఆ సేవ చాలావరకు మంచి మనసు, విరాళాలు, మాట మీద నడిచింది.

కంపెనీ మంచిదైతే చాలదు, దాని సొంత దేశం ఏమంటుందన్నది ఇంకో సమస్య. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఉక్రెయిన్‌తో నిఘా సమాచారం పంచుకోవడాన్ని ఆపినప్పుడు, మాక్సర్ కంపెనీ తీసే ఉపగ్రహ చిత్రాలు కూడా అమెరికా ప్రభుత్వ కార్యక్రమం ద్వారా ఉక్రెయిన్‌కు అందకుండా పోయాయి. కొద్ది రోజుల్లో మళ్లీ తెరిచారు. ఆ కొద్ది రోజులూ కంపెనీకి ఉక్రెయిన్‌తో ఏ గొడవా లేదు.

కంపెనీల వైపు నుంచి చూసినా ప్రమాదం చిన్నది కాదు. యుద్ధ నియమాల ప్రకారం పౌర ఆస్తుల మీద దాడి చేయకూడదు. కానీ సైనిక చర్యకు గట్టిగా ఉపయోగపడే ఆస్తి పౌర రక్షణ కోల్పోవచ్చు. ఒకే డేటా సెంటర్‌లో ఒక అలమరలో ఆసుపత్రి రికార్డులు, పక్క అలమరలో సైన్యం మ్యాపులు ఉంటే దాన్ని ఏమనాలి? 2022 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితిలో రష్యా ప్రతినిధి, సైన్యానికి సాయపడే వాణిజ్య ఉపగ్రహాలు ప్రతీకార దాడికి న్యాయమైన లక్ష్యాలు కావచ్చని అన్నారు. ఇక ఉక్రెయిన్ పిలుపు మీద టెలిగ్రామ్‌లో కూడిన ఐటీ ఆర్మీలో తమ ఇళ్ల నుంచే రష్యా వెబ్‌సైట్ల మీద దాడి చేసిన విదేశీ యువకులు ఎందరో. వాళ్లలో చాలామందికి తాము ఏ గీత దాటుతున్నామో తెలియదు. చివరికి 2023 అక్టోబర్‌లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ పౌర హ్యాకర్ల కోసం ఎనిమిది నియమాలు ప్రకటించాల్సి వచ్చింది. ఆసుపత్రుల జోలికి వెళ్లొద్దు అన్నది వాటిలో ఒకటి.

బీమా సంగతి సామాన్య వ్యాపారికి మరీ ముఖ్యం. నాట్‌పెట్యా వల్ల నష్టపోయిన మందుల కంపెనీ మెర్క్ దాదాపు 140 కోట్ల డాలర్లు క్లెయిమ్ చేస్తే, ఇది యుద్ధ చర్య కాబట్టి చెల్లించం అని బీమా కంపెనీలు మొండికేశాయి. న్యూజెర్సీ కోర్టులు 2022లో, మళ్లీ 2023లో మెర్క్ పక్షానే తీర్పునిచ్చాయి. పాలసీలోని ఆ షరతు మామూలు ఆయుధాల యుద్ధం కోసం రాసిందని అన్నాయి. దాంతో బీమా పరిశ్రమ మాటలు మార్చి రాసుకుంది. ప్రభుత్వాల అండతో జరిగే పెద్ద సైబర్ దాడులకు పరిహారం ఉండదని పాలసీల్లో స్పష్టంగా చేర్చాలని లండన్ లాయిడ్స్ 2023 మార్చి చివరి నుంచి తప్పనిసరి చేసింది. అంటే దేశం మీద పడే దెబ్బను కంపెనీ కాయాలి, కాస్తే తగిలిన గాయానికి బీమా రాదు, ప్రభుత్వం ఇస్తుందని ఎక్కడా రాసి లేదు.

కీవ్‌స్టార్ ఘటనలో ఇంకో లోపం కూడా బయటపడింది. ఉక్రెయిన్‌లోని మూడు మొబైల్ కంపెనీలు 2022 మార్చి నుంచే దేశీయ రోమింగ్ ఏర్పాటు చేసుకున్నాయి. ఒకరి టవర్లు కూలితే ఇంకొకరి టవర్ వాడుకోవచ్చు. పోటీదారులు ఇలా చేతులు కలపడం గొప్ప పని. అయితే ఈ ఏర్పాటు టవర్లు పోయినప్పటికి సరిపోతుంది. ఈ సిమ్ మాదే అని ధ్రువీకరించే కేంద్ర సర్వర్లే తుడిచిపెట్టుకుపోతే పక్క కంపెనీ టవర్ కూడా ఆ ఫోన్‌ను గుర్తుపట్టదు. జనం వేరే కంపెనీల సిమ్‌ల కోసం దుకాణాల ముందు క్యూ కట్టారు.

మన దగ్గర

ఉక్రెయిన్‌కు ఒక వెసులుబాటు ఉంది. పాశ్చాత్య కంపెనీలు రష్యాలో వ్యాపారం ఎలాగూ వదులుకుంటున్నాయి కాబట్టి పక్షం ఎంచుకోవడం వాటికి కష్టం కాలేదు. రెండు వైపులా పెద్ద మార్కెట్లున్న యుద్ధంలో అదే కంపెనీ ఏం చేస్తుంది? భారత్ ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. 2025 జులైలో ఒక చిన్న రుచి చూశాం. రష్యా చమురు కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉన్న, గుజరాత్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ మీద ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టింది. ఆ ఆంక్షలు మన దేశంలో చెల్లవు. అయినా మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి ఈమెయిల్ వంటి సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక సేవలు తిరిగి వచ్చాయి. దేశంలో 6,000కు పైగా బంకులకు పెట్రోలు అందించే కంపెనీ అది.

దాడుల సంగతికొస్తే, తెలుగు నేలకు ఇది దూరపు కబురు కాదు. 2021 ఫిబ్రవరి చివరిలో రికార్డెడ్ ఫ్యూచర్ అనే అమెరికా ప్రైవేటు సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. చైనాతో సంబంధమున్న రెడ్‌ఎకో అనే బృందం మన విద్యుత్ రంగాన్ని గురిపెట్టిందని అందులో ఉంది. లక్ష్యాల జాబితాలో దక్షిణ ప్రాంత లోడ్ డిస్పాచ్ సెంటర్‌తో పాటు తెలంగాణ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ కూడా ఉంది. రాష్ట్రంలో ఏ లైనులో ఎంత కరెంటు వెళ్లాలో క్షణక్షణం చూసుకునేది ఆ కేంద్రమే. మన ప్రభుత్వ సైబర్ అత్యవసర బృందం సెర్ట్-ఇన్, కీలక వ్యవస్థల రక్షణ చూసే ఎన్‌సీఐఐపీసీ ఈ ముప్పు గురించి అంతకుముందే విద్యుత్ సంస్థలను హెచ్చరించాయని, గ్రిడ్ పనికి ఆటంకం కలగలేదని కేంద్ర విద్యుత్ శాఖ చెప్పింది. ఇక్కడ కూడా ప్రైవేటు కళ్లు, ప్రభుత్వ చేతులు రెండూ పనిచేశాయి.

చట్టాలు మనకు లేకపోలేదు. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లోపు చెప్పాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అత్యవసర పరిస్థితిలో టెలికాం నెట్‌వర్క్‌ను ప్రభుత్వం తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవచ్చని 2023 టెలికాం చట్టం చెబుతోంది. గమనించండి, రెండూ కంపెనీ ప్రభుత్వానికి ఏం చేయాలో చెప్పేవే. ప్రభుత్వం కంపెనీకి ఏం చేస్తుంది, ముప్పు సమాచారం ఎంత త్వరగా పంచుకుంటుంది, దెబ్బతిన్న చిన్న కంపెనీని ఎవరు ఆదుకుంటారు అనే భాగం చాలా పలచగా ఉంది. తప్పు ఒప్పుకుంటే శిక్షే తప్ప సాయం రాదని అనిపిస్తే ఏ కంపెనీ అయినా ఆరో గంట దాకా నోరు విప్పదు. కీవ్‌స్టార్‌లో హ్యాకర్లు నెలల పాటు దాక్కున్న సంగతి తలచుకుంటే ఆ మౌనం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత మన వెబ్‌సైట్ల మీద 15 లక్షల సైబర్ దాడులు జరిగాయని, వాటిలో 150 ఫలించాయని మహారాష్ట్ర సైబర్ విభాగం ప్రకటించింది. ఎక్కువ భాగం పైపై దాడులే. అసలైన యుద్ధంలో వచ్చేవి అలా ఉండవు. హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు నడుస్తున్నాయి, మైక్రోసాఫ్ట్ కూడా పెద్ద ఎత్తున కట్టింది. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరది. ఈ డేటా సెంటర్ల మీద మన చర్చంతా భూమి, నీళ్లు, కరెంటు, ఉద్యోగాల చుట్టూ తిరుగుతోంది. అవన్నీ అడగాల్సినవే. వాటితో పాటు, యుద్ధం వస్తే ఈ కేంద్రాల్లోని మన ఆసుపత్రుల, బ్యాంకుల, భూరికార్డుల సమాచారానికి మరో నకలు ఎక్కడ ఉంటుందో, సేవ ఆపాలన్నా కొనసాగించాలన్నా ఆ నిర్ణయం ఏ దేశంలో జరుగుతుందో ఇప్పుడే ఒప్పందంలో రాయించుకోవాలి.

జాతీయ భద్రతా మండలి సచివాలయం భారత్ ఎన్‌సీఎక్స్ పేరుతో సైబర్ విన్యాసాలు నిర్వహిస్తోంది. అలాంటివి ఢిల్లీకే పరిమితం కాకుండా రాష్ట్రాల స్థాయిలోనూ జరగాలి. ఒక మొబైల్ కంపెనీ కేంద్ర సర్వర్లు పోయాయనుకుని, లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో షిఫ్టులో ఉన్న ఇంజనీరు సబ్‌స్టేషన్‌లోని ఆపరేటర్‌తో మాట్లాడటానికి వేరే ఏ దారి ఉందో ఒక రోజంతా నిజంగా వాడి చూడాలి. ఆ విన్యాసంలో జెన్‌కో, ట్రాన్స్‌కో అధికారులతో పాటు టెలికాం కంపెనీ నెట్‌వర్క్ ఇంజనీర్లు, క్లౌడ్ కంపెనీల భద్రతా సిబ్బంది, సబ్‌స్టేషన్లలోని కాంట్రాక్టు ఆపరేటర్లు కూడా ఉండాలి.